జోడీ కుదిర్చే ఉద్యోగం

నా ఉద్యోగం కోతులకు తోడు కుదర్చడం. అమెరికాలో, షాంటిలీ ఊళ్ళో ఇండియన్ కొట్లో కరివేపాకు ఏరుకుంటూ ఈ మాట ఎవరికైనా చెప్తే ముందు నవ్వుతారు, తర్వాత "జూలోనా అండీ?" అని అడుగుతారు. జూలో కాదు, మందులు పరీక్షించే ల్యాబ్‌లో అంటే నవ్వు ఆగిపోతుంది. ఒకసారి ఒకావిడ "అయ్యో, ఆంజనేయస్వామి కదండీ, పాపం కాదూ" అంది. "మేం చర్చికి వెళ్ళేవాళ్ళమండీ" అన్నాను. ఆవిడ కరివేపాకు అక్కడే వదిలేసి పక్క వరసలోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. పాపం అనడానికి దేవుడే అవ్వాలా? కోతి అయితే చాలదా?

ఇండియాలో నేను పశువుల డాక్టర్ని. పశ్చిమ గోదావరిలో గేదెల ఈతలు, గొర్రెల టీకాలు, ఎండలో స్కూటరు మీద తిరుగుడు. ఆసుపత్రి కిటికీలోంచి చెయ్యి పెట్టి నా క్యారేజీ ఎత్తుకుపోయిన కోతుల్ని కర్ర పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టిన చరిత్ర నాది. ఇక్కడికొచ్చాక ఆ డిగ్రీ చెల్లలేదు. మళ్ళీ పరీక్షలు రాసే ఓపిక, వయసు రెండూ దాటిపోయాయి. అందుకని టెక్నీషియన్‌గా చేరాను. కడగడం, తినిపించడం, చూడడం, చూసింది ఫారంలో రాయడం. కొన్నాళ్ళకు జోడీలు కుదిర్చే పని నాకు అప్పజెప్పారు.

మా కోతుల గదికి కిటికీ లేదు. ఉదయం ఆరింటికి లైట్లు వాటంతట అవే వెలుగుతాయి, సాయంత్రం ఆరింటికి ఆరిపోతాయి. స్టీలు బోన్లు రెండు అంతస్తులు. పై వరసలో ఉన్నవాటికి కాస్త వెలుగు ఉంటుంది, కింది వరసకు పైవాటి నీడ, పైవాటి నీళ్ళూ. బోనుకు ఒక అద్దం, ఒక రబ్బరు బొమ్మ, గింజలు పూసిన ఒక చెక్క. గోడకు టీవీ, అందులో చిన్నపిల్లల కార్టూన్లు. మా ఫారంలో మానసిక సౌఖ్యం అని ఒక కాలమ్ ఉండేది. అద్దం ఉందా, టిక్కు. బొమ్మ ఉందా, టిక్కు. ఆ బొమ్మను ఆర్నెల్లుగా ఎవరూ ముట్టుకోలేదని రాయడానికి మాత్రం కాలమ్ లేదు.

కోతి కళ్ళలోకి సూటిగా చూడకూడదు. చూశామంటే కొట్లాటకు పిలిచినట్టే. పెదాలు వెనక్కి లాగి పళ్ళు బయటపెట్టిందంటే అది నవ్వు కాదు, భయం. కొత్తగా చేరే అమెరికన్ పిల్లలకు ఇది తలకెక్కడానికి నెలలు పట్టేది. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడమని వాళ్ళకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు మరి. నాకు మాత్రం మొదటిరోజే వచ్చేసింది. పెద్దవాళ్ళ ముందు కళ్ళు దించుకో, అడిగినదానికి కాదనకు, ఎదుటివాళ్ళు నొచ్చుకునేలా మాట్లాడకు అని పెంచిన ఇంట్లో పుట్టినదాన్ని. "యూ ఆర్ ఎ నేచురల్" అని అందరి ముందూ మెచ్చుకున్నారు. పొంగిపోయాను, నా మొహం!

కింది వరసలో, మూల బోనులో, పందొమ్మిదేళ్ళ ఆడకోతి ఉండేది. ఛాతీ మీద పచ్చపొడిచిన నంబరే దాని పేరు. పేర్లు పెట్టకూడదని మాకు రూలు. నేను మనసులో పెద్దావిడ అనుకునేదాన్ని. ఆరేళ్ళ క్రితం ఆవిడతో ఒకే బోనులో ఉండే కోతిని ఏదో మందు స్టడీకి తీసుకెళ్ళారు, మళ్ళీ తీసుకురాలేదు. అప్పటినుంచీ ఒంటరి. ముంజేతుల మీదా తొడల మీదా వెంట్రుకలు తనే పీక్కుంది, చర్మం గులాబీ రంగులో బయటపడింది. మధ్యాహ్నాల్లో ఇంకొకటి జరిగేది. ఆవిడ ఊరికే కూర్చుని ఉండగా ఎడమకాలు మెల్లిగా వెనకనుంచి పైకి లేచేది, అది తనది కానట్టు. తల తిప్పి ఆ కాలిని చూసి ఉలిక్కిపడేది. నోరు తెరిచి బెదిరించేది. అయినా అది దిగకపోతే పట్టుకుని కొరికేది. ఒంటరిగా ఏళ్ళ తరబడి ఉంచిన కోతుల్లో కొన్ని అలా అవుతాయి. మాకు తెలుసు, దానికి మా దగ్గర ఒక కోడ్ కూడా ఉంది. మొదటిసారి చూసినరోజు బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. రెండోసారి కోడ్ రాశాను.

ఆ ఏడాది మా గదిలో స్టడీ ముగిసింది. ముగిశాక కోతులకు దారులు రెండే. ఒకటి, పక్క బిల్డింగ్‌లో ఇంకో స్టడీ. అది చివర్లో చంపి, లోపల అవయవాలు తీసి చూసే రకం. రెండోది, ఈ దేశంలోనే దక్షిణాన ఇంకో రాష్ట్రంలో ఒక ఆశ్రయం. ల్యాబుల్లోంచి రిటైరైన కోతుల్ని బతికినన్నాళ్ళు చూసుకునే చోటు. నేల ఉంటుంది, చెట్లుంటాయి, ఎండా వానా ఉంటాయి. మా గది నుంచి రెండింటిని తీసుకుంటామన్నారు, కానీ ఒంటరివాటిని పెట్టుకునే వసతి లేదు, జోడీగా రావాలన్నారు. కనీసం వారం రోజులు ఒకే బోనులో గొడవ పడకుండా ఉన్న జోడీ. వాళ్ళ వ్యాన్ ఎనిమిది వారాల్లో వస్తుంది. పెద్దావిడ ఆ వ్యాన్ ఎక్కాలని నేను పట్టుబట్టాను. దేనికీ ఎప్పుడూ పట్టుబట్టని మనిషిని, దీనికి పట్టుబట్టాను.

మా సూపర్‌వైజర్ వరంగల్ వైపు ఆయన. నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. జోడీలు కుదురుస్తానని నన్ను పెళ్ళిళ్ళ పేరమ్మ అని ఏడిపించేవాడు. నా కారు పాడైతే తన కార్‌లో తీసుకెళ్ళేవాడు, మా అమ్మాయి పుట్టినరోజుకు ఫోన్ చేసేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆయన చెడ్డవాడై ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు, హాయిగా ఆయన్ని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని.

పెద్దావిడకు తోడుగా పై వరసలోంచి ఆరేళ్ళ ఆడకోతిని ఎంచాను. చిన్నది అనేదాన్ని. జోడీ కట్టడమంటే రెండు బోన్లు పక్కపక్కన పెట్టి తలుపు తీసేయడం కాదు. ముందు కొన్నాళ్ళు మధ్యలో జాలీ ఉంటుంది, కన్నాల్లోంచి వేళ్ళు మాత్రం పడతాయి. ఆ జాలీకి అటూ ఇటూ కూర్చుని వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాలి, ఎవరు పైన, ఎవరు కింద అని. వీళ్ళ లోకంలో సమానమనేది లేదు. తేలితే శాంతి. తేలకుండా తలుపు తీస్తే రక్తం. తేలడానికి మూడు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

తేలిందో లేదో చూడడానికి మాకు ఒక పద్ధతి ఉంది. జాలీ మధ్యలో చిన్న కంత ఉంటుంది. ఇద్దరికీ చెయ్యి అందేలా అక్కడ ఒకే ఒక్క ద్రాక్షపండు పెడతాం. ఒకరు తీసుకుని, రెండోవారు అటు తిరిగి కూర్చుంటే తేలినట్టు. ఇద్దరూ లాక్కుంటే తేలనట్టు. ఇద్దరూ ముట్టుకోకపోతే అన్నిటికన్నా చెడ్డది. ఒకరి కదలిక కోసం ఒకరు కాచుకుని ఉన్నారని దాని అర్థం. ఇది కొత్తవాళ్ళకు నేర్పేది నేనే, బోర్డు మీద బొమ్మ గీసి మరీ నేర్పేదాన్ని.

జాలీ పెట్టి పట్టుమని ఐదు రోజులు కూడా కాలేదు. బుధవారం ఉదయం సూపర్‌వైజర్ హడావుడిగా వచ్చాడు.

"చెల్లె, సోమవారం గవర్నమెంట్ ఇన్‌స్పెక్టర్ వస్తుండు. మన రూమ్‌ల సింగిల్‌గున్నయి ఎక్కువ కనవడుతున్నయి. ఈ రెండింటిని ఫ్రైడే కల్లా పెయిర్ చేసేయ్."

"మూడు వారాలన్నా పట్టుద్ది కదా అన్నయ్యా. వ్యాన్‌కి ఏడు వారాల టైముంది."

"వ్యాన్ సంగతి తర్వాత. సోమవారం సంగతి చెప్పు. టెస్ట్ పెట్టు, చూద్దాం."

ద్రాక్షపండు పెట్టాను. ఇద్దరం వెనక్కి జరిగి నిలబడ్డాం. పెద్దావిడ పండును చూసింది, చిన్నదాన్ని చూసింది, తల దించుకుంది. చిన్నది పండును చూసింది, పెద్దావిడను చూసింది, తన కాలివేళ్ళు చూసుకుంది. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. ఎవరూ ముట్టుకోలేదు. మనవాళ్ళ ఇంట్లో భోజనాలప్పుడు పళ్ళెంలో ఆఖరి గారె ఇలాగే మిగిలిపోతుంది. మీరు తీసుకోండి అంటే, అబ్బే మీరే తీసుకోండి అని.

నా నోరు ఊరుకోలేదు. "చూశారా అన్నయ్యా, ఎంత మొహమాటమో!" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. ముఖానికి కట్టుకున్న ప్లాస్టిక్ షీల్డ్ అడ్డమొచ్చి కళ్ళనీళ్ళు తుడుచుకోలేక అవస్థపడ్డాడు. "పక్కా మనోళ్ళే చెల్లె ఇవి! గింత మర్యాద ఉన్నోళ్ళు ఏం కొట్లాడుకుంటరు? ఫ్రైడే తలుపు తీసేయ్."

నేనూ నవ్వాను. నవ్వుతూనే అనుకున్నాను, ఇప్పుడు చెప్పాలి అని. అన్నయ్యా, అది జోకు, ఇది చెడ్డ సూచన, ఆపాలి అని. "ఇంకో వారం చూద్దామేమో అండీ" అన్నాను. ఆపాలి అనలేదు, చూద్దామేమో అన్నాను. "ఏం గాదు చెల్లె, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. గంగిరెద్దులా తలూపాను. ఫారంలో ద్రాక్షపండు పరీక్షకు ఎదురుగా "ప్రశాంతం" అని రాశాను. బోర్డు మీద బొమ్మ గీసి అందరికీ నేర్పేదాన్ని, నేనే ఆ మాట రాశాను.

నాకు భయమేమైనా ఉందా అంటే, లేదు. చూసేవాళ్ళు వీసా అనుకుంటారు. మాకు గ్రీన్ కార్డ్ వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. ఉద్యోగం పోయినా ఇల్లు గడుస్తుంది. భయపడి ఉంటే నన్ను నేను కొంతైనా క్షమించుకునేదాన్ని. మనిషి అంత సరదాగా నవ్వుతుంటే కాదని ఎలా అనడం, బాగోదు కదా అనుకున్నాను. బాగోదు కదా! ఈ ఒక్క ముక్కకు నేను ఎన్ని అప్పగించానో మీకు తెలియదు.

శుక్రవారం పదింటికి జాలీ తీశాను. మొదటి పది నిమిషాలు బాగానే ఉంది. చిన్నది పెదాలు చప్పరిస్తూ దగ్గరికొచ్చింది, అది వాళ్ళ స్నేహభాష. పెద్దావిడ వీపు తిప్పి కూర్చుంది. చిన్నది ఆ వీపు మీద వెంట్రుకలు పాయలు తీసి చూడడం మొదలుపెట్టింది. ఆరేళ్ళ తర్వాత ఇంకొకరి చెయ్యి పడింది ఆ ఒంటి మీద. పెద్దావిడ కళ్ళు అరమూతలు పడ్డాయి. నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. "సూడు, నేన్ జెప్పిన గదా" అని సూపర్‌వైజర్ నా భుజం తట్టి, ఫోన్ వస్తే బయటికి వెళ్ళాడు.

పదకొండింటికి బిస్కెట్లు వేశాను. మామూలుగా కోతులకు వేసే గట్టి బిస్కెట్లే. చిన్నది ముందు చెయ్యి చాపింది. పెద్దావిడ ఆ చేతిని కొరికింది. ఆ తర్వాత ఎవరు ఎవరో నాకు కనపడలేదు. కేకల కన్నా బోను ఊగిపోయిన చప్పుడే నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. రెండూ పెనవేసుకుని ఉంటే మధ్యలోకి జాలీ తొయ్యలేం. నీళ్ళ పైపు తిప్పి ఇద్దరి మీదా కొట్టాను, అరిచాను, తెలుగులో అరిచాను, "వదలవే, వదలవే ముసలిదాన్ని" అని. విడదీయడానికి నిమిషం కూడా పట్టలేదనుకుంటా. చిన్నదానికి మణికట్టు మీద గాటు పడింది. పెద్దావిడ కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. కింది పెదవి చీలి వేలాడుతోంది. మూలకు పోయి ఆ చెయ్యి ఎత్తి చూసుకుంటోంది.

డాక్టర్ వచ్చి కుట్లు వేసింది. నేను పక్కన నిలబడి దూది అందించాను. కుట్లు వెయ్యడం నాకూ వచ్చు, ఎన్ని గేదెలకు వేశానో. 

మధ్యాహ్నం రిపోర్ట్ రాయాలి. గొడవకు కారణం ఏమిటని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. పద్ధతి పాటించడంలో లోపమా, జంతువు స్వభావమా? రెండు గళ్ళు, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. సూపర్‌వైజర్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. పాపం, ఆయన ముఖం కూడా పాలిపోయి ఉంది.

"చెల్లె, ప్రొసీజర్‌ల తప్పని రాస్తే సోమవారం ఆ ఇన్‌స్పెక్టర్ మన రూమ్ మొత్తం తోడ్తడు. నీ పేరు, నా పేరు, అన్నీ వస్తయి. ముందు కొరికింది ముసల్దే గదా, వీడియోల ఉన్నది. టెంపర్‌మెంట్ అని రాసేయ్. అబద్ధమైతే గాదు."

"రాస్తే ఇంక ఆవిడకి ఆశ్రయం ఉండదు కదా అన్నయ్యా."

"అరె, దానికేమన్నా గ్రీన్ కార్డ్ గావాల్నా? ఏదో ఒకటి జూద్దాం తియ్యి. మల్ల అప్పీల్ జేద్దాం."

ముందు కొరికింది ఆవిడే, నిజమే. వారం కూడా నిండని పరిచయంతో తలుపు తీసింది ఎవరో వీడియోలో కనపడదు. స్వభావం అన్న గడిలో టిక్కు పెట్టాను. కింద ఇంగ్లీషులో రాశాను: పెద్ద వయసు ఆడది దాడి మొదలుపెట్టింది, ఇతర కోతులతో పొసగదు, ఒంటరిగా ఉంచడం మంచిది. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని చిన్నప్పుడు మా మేష్టారు అనేవారు. ఆ రిపోర్ట్‌లోనూ అలాగే ఉన్నాయి, ఛ!

సోమవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. బోన్లు లెక్కపెట్టాడు, కాగితాలు తిరగేశాడు. పెద్దావిడ కట్టు చూసి ఆగాడు. రిపోర్ట్ చదివాడు. "వెల్ డాక్యుమెంటెడ్" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నాకు చెయ్యి కలిపాడు.

ఆ సాయంత్రం మా అమ్మాయి నా వాలకం కనిపెట్టింది. పదిహేడేళ్ళది, ఇక్కడే పుట్టింది. అన్నం ముందు కూర్చుని నేను కెలుకుతుంటే "వాట్ హ్యాపెండ్ అమ్మ?" అంది. చెప్పాను. మొత్తం చెప్పాను.

"నువ్వు నో ఎందుకు చెప్పలే? అంకుల్ మ్యాడ్ అవుతాడా?"

"అవ్వడు."

"జాబ్ నుంచి తీసేస్తాడా?"

"తియ్యడమ్మా. ఆయన నొచ్చుకుంటాడని."

దాని చేతిలో స్పూన్ ఆగింది. "సో, అంకుల్ ఫీల్ అవకూడదు అని, మంకీకి ఫింగర్స్ పోయినయ్?" అంది. కోపంగా కాదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది. నాకు కోపమొచ్చి "పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా అది?" అని కసిరాను. అది ప్లేటు తీసుకుని పైకి వెళ్ళిపోయింది. నేను మాత్రం నోరు మూసుకుని ఆ పప్పన్నం మొత్తం తినేశాను, పారెయ్యడం పాపమని.

మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన తర్వాత ప్రార్థన అవసరతలు చెప్పుకుంటాం. వీసాలు, ఆపరేషన్లు, పిల్లల అడ్మిషన్లు. ఆ వారం నేనూ లేచి నిలబడ్డాను. "మా ఆఫీస్‌లో ఒక పెద్దావిడ ఉన్నారండీ. చేతికి దెబ్బ తగిలింది. ఇంకెక్కడికో వెళ్ళాల్సి ఉంది, ఆ పని కావాలి" అన్నాను. కోతి అని చెప్పలేకపోయాను, నవ్వుతారని. అందరూ కళ్ళు మూసుకుని ఆవిడ చేతి కోసం, ఆవిడ ప్రయాణం కోసం, ఆవిడ పిల్లల కోసం ప్రార్థన చేశారు. ఒక పెద్దాయన ఆవిడ ప్రభువును తెలుసుకోవాలని కూడా ప్రార్థించారు. తర్వాతి ఆదివారం గుమ్మం దగ్గరే నలుగురు అడిగారు, ఎలా ఉన్నారండీ ఆవిడ అని. "తగ్గుతోందండీ" అన్నాను.

నిజంగానే తగ్గుతోంది. ఎడమచేత్తో తినడం నేర్చుకుంది. కుడిచెయ్యి ఒళ్ళో దాచుకునేది. కాలు లేచినప్పుడు ఇప్పుడు బెదిరించడం లేదు, నేరుగా కొరికేస్తోంది.

రెండు వారాలకు ఆశ్రయం నుంచి ఫోన్ వచ్చింది. జంతువులను ఎంచుకునే ఆవిడ, ఎప్పుడూ నన్ను చూసి ఎరగదు. గొంతు నెమ్మదిగా ఉంది. పెద్దావిడ ఫైలు మొత్తం చదివిందట, పందొమ్మిదేళ్ళ ఫైలు. ఆమె మాటల్ని నాకు గుర్తున్నంతలో తెలుగులో చెప్తాను.

"ఈ కోతి అంతకుముందు పదేళ్ళు ఒకే తోడుతో ఒక్క గొడవ లేకుండా ఉంది. అలాంటిది ఉన్నట్టుండి ఇలా ఎందుకు చేసిందో నాకు అర్థం కావడం లేదు. జోడీ కట్టడంలో తొందరపడి ఉంటే అది వేరే సంగతి. అలా అయితే ఇక్కడ మా గోడ పక్కన నెల రోజులు విడిగా పెట్టే ఏర్పాటు నేనే చేయిస్తాను, మా పద్ధతిలో మెల్లగా ప్రయత్నిస్తాం. కానీ నిజంగా స్వభావమే అయితే మిగతావాటి దగ్గరికి తీసుకురాలేను. గదిలో ఉన్న మనిషి నోటితో వినాలని ఫోన్ చేశాను. తొందరపడ్డారా?"

లంచ్ టైము. సూపర్‌వైజర్ బల్లకు అవతల కూర్చుని ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో లేదు. ఆయన నావైపు చూడనైనా లేదు. వాళ్ళావిడ చేసి పంపిన పచ్చిపులుసు ఒక చిన్న డబ్బాలో పోసి, మూత పెట్టి, నావైపు తోశాడు. నాకు ఇష్టమని ఆవిడ ప్రత్యేకంగా పంపుతుంది. తిను తిను అని చేత్తో సైగ చేశాడు.

అవును, తొందరపడ్డాం. ఇంగ్లీషులో మూడు ముక్కలు. నాలుక చివర దాకా వచ్చాయి.

"లేదండీ. ఫైల్‌లో ఉన్నదే" అన్నాను.

"సరే. నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్. చాలామంది కోతుల మీద ప్రేమతో అబద్ధం చెప్తారు" అంది. ఫోన్ పెట్టేసింది. నేను పచ్చిపులుసు తాగాను. బాగుందని కూడా చెప్పాను.

మూడోరోజు పక్క బిల్డింగ్ నుంచి ఇద్దరు వచ్చారు, పెద్దావిడను వాళ్ళ స్టడీకి తీసుకెళ్ళడానికి. వాళ్ళను చూసి ఆవిడ బోను వెనక గోడకు అతుక్కుపోయింది. వాళ్ళు తెచ్చిన పెట్టెలోకి రావడం లేదు. "మీరొకసారి ప్రయత్నించండి, మీ మాట వింటుందటగా" అన్నారు. నేను పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పెదాలు చప్పరించాను. కాసేపటికి ఆవిడ కూడా కుట్లు పడిన పెదవితోనే చప్పరించింది. మూడు వేళ్ళ చెయ్యి నేలకు ఆనించి, కుంటుకుంటూ, నా పక్కనుంచే పెట్టెలోకి నడిచింది. తలుపు నేనే వేశాను.

అప్పీల్ ఎవరూ చెయ్యలేదు. నేను అడగలేదు, ఆయన గుర్తుచెయ్యలేదు.

ఆశ్రయానికి పంపాల్సిన జోడీ ఇంకా కుదరలేదు. చిన్నదానికి వేరే తోడు చూడమన్నాడు సూపర్‌వైజర్. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కాబట్టి ఈసారి తొందర లేదు, పద్ధతి ప్రకారం కానీ అన్నాడు. కానిచ్చాను. మధ్యలో జాలీ కదిలించలేదు. ద్రాక్షపండు రోజూ పెట్టాను, ఒకరు తీసుకుని ఒకరు అటు తిరిగేదాకా. ఇరవై రెండు రోజులు పట్టింది. తలుపు తీశాక వారం రోజులు ఒకే బోనులో ఉన్నాయి, ఒక్క గాటు పడలేదు. ఆశ్రయంవాళ్ళు అడిగింది అంతే.

అప్పటికి వ్యాన్ రావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.